తెడ్డు పట్టే చేతులూ లెక్కలోకి రావాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ పత్రిక శ్రీకాకుళం సంచిక ఇచ్ఛాపురం దాటి, సరిహద్దుకు ఇవతల ఉన్న మా గోపాలపూర్‌కు బస్సులో చేరేసరికి ఉదయం తొమ్మిదవుతుంది. ఆదివారం అనుబంధం మాత్రం మధ్యాహ్నం దాకా మా ఇంట్లో ఎవరికీ దక్కదు. నా దగ్గరే ఉంటుంది. పురాతన కాలపు యుద్ధాలను కంప్యూటరు తెర మీద నడిపించే వ్యూహక్రీడల గురించి ఈ మధ్య అందులో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఏనుగుల బలం, గుర్రాల వేగం, కోట ముట్టడి వంటి విషయాలను వ్యాసకర్త వివరంగానే రాశారు. ఓడల సంగతి వచ్చేసరికి మాత్రం ఒక్క పేరాతో సరిపెట్టి, అందులోనూ పాతకాలపు యుద్ధనౌకలను గొలుసులతో కట్టేసిన బానిసలు కొరడా దెబ్బలు తింటూ నడిపేవారని తేల్చేశారు. ఆ ఒక్క వాక్యం లేకపోతే నేను ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదేమో.

ముందుగా గొలుసుల సంగతి. తెడ్ల ఓడల్లో మనుషులను బల్లలకు గొలుసులతో బంధించడం మధ్యధరా సముద్రంలో జరిగిన మాటే కానీ, అది ప్రధానంగా క్రీస్తుశకం 16, 17 శతాబ్దాల నాటి ఆచారం. అంతకు రెండు వేల ఏళ్ళ ముందు, క్రీ.పూ. 480లో గ్రీసులోని సలామిస్ దగ్గర పారశీకుల నౌకాదళాన్ని ఓడించిన ఏథెన్స్ ఓడల్లో తెడ్లు వేసినవారు చాలావరకు ఆ నగరంలోని పేద పౌరులే. ఏథెన్స్ తెడ్లవాళ్ళలోని పౌరులకు సభలో మాట చెల్లేది. పనికి కూలి ముట్టేది. క్రీ.పూ. 406లో ఆర్గినుసే యుద్ధానికి మనుషులు చాలక బానిసలను ఓడలెక్కించినప్పుడు సైతం, ఆ సేవకు ప్రతిఫలంగా వాళ్ళకు స్వేచ్ఛ ఇచ్చారు. ఇది పండితులు తమలో తాము తేల్చుకోవలసిన చిన్న తేడా అని వదిలేయడానికి లేదు. తెడ్డు వేసేవాడు గొలుసులో ఉన్నాడనుకుంటే, ఆట తయారుచేసేవాడు అతన్ని కొయ్యతోనూ తాడుతోనూ కలిపి ఓడలో ఒక భాగంగా లెక్కవేస్తాడు. అదే అతను కూలి అడిగేవాడు, అలిసిపోయేవాడు, దాహం వేసేవాడు, సందు దొరికితే పారిపోయేవాడు అని తెలిస్తే అతనికి వేరే లెక్క రాయక తప్పదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే: ఆటలో కొయ్య లెక్క వేరు, మనుషుల లెక్క వేరు కావాలి.

నేను చరిత్ర పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి. అయితే ఈ విషయంలో మాట్లాడే చనువు నాకు బడిలో వచ్చింది కాదు. మాది సముద్రపు వేట మీద బతికే వాడబలిజ కుటుంబం. ఇక్కడి ఒడియా ఇరుగుపొరుగులు మమ్మల్ని నోళియాలంటారు. బజారులో ఒడియా మాట్లాడినా పడవ మీద మా మాట తెలుగే. మా తాత మసూలా పడవకు తండేలు. ఆ రోజుల్లో రంగం (రంగూన్) వెళ్ళే స్టీమర్లు గోపాలపూర్‌కు ఎదురుగా సముద్రంలో దూరంగా లంగరు వేసి నిలబడేవి. గంజాం పల్లెల నుంచి కూలికి వలసపోయే తెలుగువాళ్ళనూ ఒడియావాళ్ళనూ మసూలా పడవల్లో కెరటాలు దాటించి ఆ స్టీమర్లెక్కించేవారు. మసూలా పడవలో ఇనుప మేకు ఉండదు. పలకలను కొబ్బరి నార తాడుతో కుట్టి, అతుకుల్లో నార కూరుతారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు బిగుసుకుని పగులుతుంది, కుట్టిన పడవ ఒళ్ళు వంచి ఓర్చుకుంటుంది. పది పన్నెండు మంది తెడ్లు వేస్తుంటే తండేలు వెనక కొసన నిలబడి పొడవాటి తెడ్డుతో పడవ ముఖాన్ని కెరటానికి ఎదురుగా పట్టి ఉంచేవాడు. అడుగున ఒక కుర్రవాడు కూర్చుని నీళ్ళు తోడుతూనే ఉండేవాడు, ఎందుకంటే ఎంత బాగా కుట్టినా కుట్టుపడవ కారక మానదు.

మా తాత ఆ దాటింపు గురించి చెప్పేటప్పుడు మాటల కంటే చేతులే ఎక్కువ వాడేవాడు. తండేలు కుడిచెయ్యి ఎత్తి ఉంచినంతసేపూ తెడ్లన్నీ నీళ్ళను పట్టుకుని పడవను ఉన్నచోటే ఆపేవట. పెద్ద కెరటాల వరుస విరిగి, మధ్యలో కాస్త తెరపి దొరికిన క్షణాన చెయ్యి దించితే అందరూ ఒక్క ఊపున లాగేవారట. ఒక్కడు వెనకబడితే పడవ అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవను తర్వాతి కెరటం బోర్లిస్తుంది. ఈ పడవ బలం ఎంత అని ఎవరైనా అడిగితే ఏ అంకె చెప్పాలి? తండేలు కంటికి ఎంత వేయాలి, ఆ చేతులన్నిటికీ ఎంత వేయాలి, నీళ్ళు తోడే కుర్రవాడికి ఎంత వేయాలి?

ఈ ప్రశ్న ఊరికే పుట్టలేదు. మా మనవడు బరంపురంలో ఇంజనీరింగ్ చదువుతూ, ఇద్దరు స్నేహితులతో కలిసి కళింగ యుద్ధం మీద ఒక వ్యూహక్రీడ తయారుచేస్తున్నాడు. అశోకుడి శాసనాలున్న జౌగడ బండ మా జిల్లాలోనే, ఋషికుల్య ఒడ్డున ఉంది కాబట్టి వాళ్ళకు ఆ ఊహ రావడం సహజమే. (లక్షమంది హతులయ్యారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని చెప్పుకున్న 13వ శాసనాన్ని ఆయన జౌగడలో చెక్కించలేదు, దానికి బదులు ఇక్కడి అధికారులకు వేరే రెండు శాసనాలు రాయించాడు. ఓడినవాళ్ళ గుమ్మం ముందు ఆ లెక్క చదివించడం బాగుండదనుకున్నాడు కాబోలు.) వేసవి సెలవుల్లో మనవడు ఆ ఆటను నాకు చూపించాడు. గడులు గీసిన పటం, వంతులవారీగా ఆట. ఓడ బొమ్మ మీద నొక్కితే ఒక పచ్చ గీత, దాని పక్కన వంద అన్న అంకె వచ్చాయి. ఆ ఓడను ఋషికుల్య మొగకు ఎదురుగా సముద్రంలో నిలబెట్టి, పన్నెండు వంతులు కదలకుండా ఉంచాడు. ఒక్కో వంతుకు ఎన్నాళ్ళని అడిగితే వారం అన్నాడు.

"అయితే మూడు నెలల్నుంచీ ఆ ఓడలో వాళ్ళు ఏం తాగుతున్నార్రా?" అని అడిగాను.

"తాతయ్యా, అది ఆట" అన్నాడు.

చదరంగంలో ఏనుగు మేత అడగదన్నది నిజమే. కానీ చదరంగం తనను తాను చరిత్ర అని చెప్పుకోదు. మీ వ్యాసకర్త ఈ ఆటలు పిల్లలకు చరిత్ర నేర్పుతాయన్నారు కాబట్టి, ఏం నేర్పుతున్నాయో చూడవలసిన బాధ్యత మనకుంటుంది.

గ్రీకుల ట్రైరీమ్‌ను, అంటే ఒకదానిపై ఒకటిగా మూడు వరుసల తెడ్లున్న ఓడను తీసుకుంటే విషయం తేటగా తెలుస్తుంది. ఏథెన్స్ ట్రైరీమ్‌లో ఇంచుమించు 200 మంది ఉండేవారు. వాళ్ళలో 170 మంది తెడ్లవాళ్ళు: పై వరుసలో 62, నడిమి వరుసలో 54, అడుగు వరుసలో 54. ఈటెలు పట్టిన భటులు పదిమంది, విలుకాళ్ళు నలుగురు మాత్రమే. మిగిలినవారు ఓడ పెద్ద, చుక్కాని పట్టేవాడు, తెడ్లవాళ్ళకు పని చెప్పే సరంగు వంటివాడు, తెడ్ల లయ తప్పకుండా పిల్లనగ్రోవి ఊదేవాడు, వడ్రంగి, కళాసీలు. అంటే ఓడలో కత్తి పట్టే ప్రతి ఒక్కడికీ తెడ్డు పట్టేవాళ్ళు పన్నెండు మంది. ఓడ ముందు కొసన నీటిమట్టానికి కాంస్యపు ముక్కు ఉంటుంది. యుద్ధమంతా ఆ ముక్కుతో శత్రువు పక్కటెముకలను పొడిచి, అతను తేరుకునేలోగా వెనక్కి లాగడంలోనే ఉంది. 1980లో ఇజ్రాయెల్ తీరంలో అథ్లిట్ దగ్గర దొరికిన అటువంటి ముక్కు ఒకటి 465 కిలోలు తూగింది. అంత బరువును గురి తప్పకుండా నడిపించేది తెడ్లే కాబట్టి, ఆ ఓడకు ఆయుధం 170 జతల చేతులన్నమాట.

ఇంత మందికి నీళ్ళు కావాలి. మనిషికి రోజుకు ఐదు లీటర్లే వేసుకున్నా 200 మందికి వెయ్యి లీటర్లు, అంటే ఒక టన్ను బరువు. ఎండలో తెడ్లు వేసే మనిషికి ఐదు లీటర్లు ఏమూలకు? పాత ఆధారాలను బట్టి కట్టి, 1987లో గ్రీసులో నీళ్ళలోకి దింపిన ఒలింపియాస్ అనే ట్రైరీమ్‌ను నేటి తెడ్లవాళ్ళు నడిపినప్పుడు కొద్దిసేపు తొమ్మిది నాట్ల (గంటకు సుమారు 17 కిలోమీటర్ల) వేగం అందుకోగలిగారు. వేగంతోపాటు ఆ ఓడ లోపలి ఉక్క, చెమట, నీళ్ళ ఖర్చు కూడా వాళ్ళకు బాగా తెలిసివచ్చాయి. సుమారు 37 మీటర్ల పొడవున్నా అందులో పడుకోవడానికి గానీ, వండుకోవడానికి గానీ చోటు లేదు. అందుకే ఆ ఓడలు మామూలుగా మధ్యాహ్నం తిండికీ, రాత్రి నిద్రకూ ఒడ్డుకు చేరేవి. ఆటలో ట్రైరీమ్‌ను నడిసముద్రంలో వారాల తరబడి కాపలా పెట్టడం ఎందుకు కుదరదో చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. ఒడ్డు చేతిలో లేనివాడికి సముద్రం చేతిలో ఉండదు.

క్రీ.పూ. 405లో స్పార్టాతో యుద్ధంలో ఈగోస్పోటమి దగ్గర ఏథెన్స్ పోగొట్టుకున్నది ఇక్కడే. వాళ్ళ ఓడలు ఆగిన తీరానికి దగ్గరలో పట్నం లేదు, అంగడి లేదు. రోజూ ఉదయం యుద్ధానికి సిద్ధమై వెళ్ళడం, ఎదుటి ఒడ్డునున్న స్పార్టా సేనాని లైసాండర్ కదలకపోవడం, తిరిగి వచ్చి తిండి వెతుక్కుంటూ మనుషులు చెదిరిపోవడం. నాలుగు రోజులు ఇలా గడిచాక ఐదో రోజున వాళ్ళు చెదిరిన వేళ చూసుకుని లైసాండర్ వచ్చిపడ్డాడు. కొన్ని ఓడల్లో రెండు వరుసలకే మనుషులున్నారని, కొన్నింటిలో ఒక్క వరుసకే ఉన్నారని, కొన్ని అసలే ఖాళీగా ఉన్నాయని గ్రీకు చరిత్రకారుడు జెనోఫోన్ రాశాడు. 170 దాకా ఓడలు చిక్కాయి. ఆ ఓడల్లో ఒక్క పలక కూడా అప్పటికి విరగలేదు. మా మనవడి పచ్చగీత లెక్కన చూస్తే ఆ ఉదయం ఏథెన్స్ ఓడలన్నిటికీ నూటికి నూరు బలం ఉంది!

కొయ్య లెక్క మాత్రం స్థిరంగా ఉంటుందా అంటే అదీ లేదు. నీళ్ళలో నానిన కొద్దీ ట్రైరీమ్ బరువెక్కి మందగిస్తుంది, ఒడ్డుకు లాగి ఆరబెట్టాలి. ఏథెన్స్ రేవు పిరేయస్‌లో అందుకోసమే ఏటవాలు నేలతో ఓడల కొట్టాలు కట్టించారు. సిసిలీ దండయాత్రలో సిరక్యూస్ ముందు చిక్కుకుపోయిన ఏథెన్స్ సేనాని నికియాస్ క్రీ.పూ. 414లో ఇంటికి రాసిన లేఖలో రెండు బాధలు పక్కపక్కనే చెప్పుకున్నాడు. శత్రువు ఓడలు ఎదురుగా ఉండడంతో తమ ఓడలను ఒడ్డుకు లాగి ఆరబెట్టే వీలు లేదని ఒకటి. కట్టెలకూ నీళ్ళకూ దూరం వెళ్ళిన ఓడమనుషులను శత్రువుల గుర్రపుదళం నరికేస్తోందని, మిగిలినవాళ్ళు పారిపోతున్నారని రెండోది. గట్టు మీది గుర్రం నీటి మీది ఓడను ఓడించిందన్నమాట. కాల్బలం, గుర్రాలు, ఓడలు దేనికదే వేరే ఆటలాగా నడిచే పటాల మీద ఇటువంటి ఓటమి ఎవరికీ రాదు.

ఇక నేర్పు సంగతి. క్రీ.పూ. 429లో కోరింత్ సింధుశాఖ ముఖద్వారం దగ్గర ఏథెన్స్ సేనాని ఫోర్మియో 20 ఓడలతో, శత్రువుల 47 ఓడలకు ఎదురు నిలిచాడు. శత్రువులు భయపడి, ముక్కులు బయటికి పెట్టి చక్రవ్యూహం పన్నారు. ఫోర్మియో పొడవలేదు. ఆ చక్రం చుట్టూ తన ఓడలను వరుసగా తిప్పుతూ, రాసుకుపోతున్నట్టు దగ్గరగా వెళుతూ, దాన్ని కొంచెం కొంచెంగా కుదిస్తూ తెల్లవారుజాము గాలి కోసం కాచుకున్నాడు. ఆ సింధుశాఖ నుంచి పొద్దునపూట గాలి వీస్తుందని అతనికి తెలుసు. గాలి రానే వచ్చింది. ఓడలు ఒకదాన్నొకటి తాకాయి, మనుషులు గెడలతో నెట్టుకుంటూ అరుచుకున్నారు, ఆ గోలలో సరంగుల మాట ఎవరికీ వినబడలేదు, అలవాటు లేని తెడ్లవాళ్ళు లేచిన అలల్లో నుంచి తెడ్లు పైకి తీయలేకపోయారు. అప్పుడు పొడిచాడు. పన్నెండు ఓడలు పట్టుకున్నాడు. థుసిడిడీస్ రాసిన ఈ ఘట్టం చదువుతున్నప్పుడు నాకు చెయ్యెత్తి నిలబడ్డ మా తాతే కనిపిస్తాడు. ఇటువంటి నేర్పును ఆటలో 'వేగం' అంకెకు రెండు కలిపి చూపడం చాలదు. నేర్పున్న దళానికి కాచుకునే వీలు, చుట్టుతిరిగే వీలు ఉండాలి. నేర్పులేని దళానికి గాలి లేచినప్పుడు తన ఓడలే తనకు అడ్డం రావాలి.

మనసు కూడా తెడ్డు మీద పనిచేస్తుంది. క్రీ.పూ. 427లో తిరుగుబాటు చేసిన మైటిలీనీ నగరంలోని మగవాళ్ళందరినీ చంపాలన్న ఆజ్ఞతో ఏథెన్స్ ఒక ఓడను పంపి, మర్నాడు మనసు మార్చుకుని ఆ ఆజ్ఞను రద్దుచేస్తూ రెండో ఓడను పంపింది. మొదటిది ఒక పగలూ ఒక రాత్రీ ముందుంది. రెండో ఓడవాళ్ళు ద్రాక్షసారాయి, నూనె పోసి కలిపిన బార్లీ పిండిని తెడ్లు వదలకుండానే తింటూ, వంతులవారీగా నిద్రపోతూ లాగారు. మొదటి ఓడవాళ్ళు తాము మోస్తున్న ఆజ్ఞ నచ్చక నెమ్మదిగా వెళ్ళారు. అక్కడి అధికారి ఆజ్ఞ చదివి అమలుకు సిద్ధపడుతుండగా రెండో ఓడ చేరింది. రెండు ఓడలూ ఒకే రకం, దారి ఒకటే, వేగాలు వేరు. ఆటలో ఓడకు ఒక వేగం రాసి పెట్టేవారు ఈ సంగతి ఒక్కసారి తలచుకుంటే బాగుంటుంది.

రోమన్లకు సముద్రం కొత్త. ఉత్తర ఆఫ్రికా తీరంలోని కార్తేజ్‌తో యుద్ధం వచ్చినప్పుడు ఓడలు తయారవుతుండగానే ఒడ్డు మీద బల్లలు వేసి, మనుషులను ఓడలో కూర్చున్నట్టే కూర్చోబెట్టి తెడ్లు వేయడం నేర్పించారని పొలీబియస్ రాశాడు. అయినా నేర్పులో కార్తేజ్‌వాళ్ళతో సరితూగలేమని గ్రహించి, శత్రువు ఓడ మీదికి దభీమని పడి ఇనుప ముక్కుతో పట్టేసే వంతెనను కనిపెట్టి, క్రీ.పూ. 260లో మైలే దగ్గర సముద్ర యుద్ధాన్ని నేల యుద్ధంగా మార్చి గెలిచారు. ఐదేళ్ళు తిరిగేసరికి, ఆ కాలంలో సిసిలీ దక్షిణ తీరం మంచిది కాదని చుక్కాని పట్టేవాళ్ళు మొత్తుకున్నా వినక వెళ్ళి, తుఫానులో 364 ఓడలకు 80 మాత్రమే మిగుల్చుకున్నారు. మైలేలో లాగా శత్రువు ఓడ మీదికెక్కే నియమం చాలా ఆటల్లో ఉంటుంది. తండేలు మాట కాదన్నందుకు పడే శిక్షను ఆటలో పెట్టినవారిని నేను ఇంతవరకు చూడలేదు.

అంతమాత్రాన ట్రైరీమ్‌ను తెచ్చి కళింగ తీరంలో నిలబెట్టమని నా ఉద్దేశం కాదు. మా మనవడి ఆటలోని ఓడ బొమ్మ అచ్చంగా గ్రీకు ఓడే, కాంస్యపు ముక్కుతో సహా. ప్రశాంతమైన సింధుశాఖల్లో రాత్రికి ఒడ్డెక్కే ఓడను గంజాం కెరటాల్లో ఒడ్డెక్కించబోతే ఏమవుతుందో మా పేటలో ఏ కుర్రవాడైనా చెబుతాడు. మన ఓడలకు మన ఆధారాలున్నాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నావధ్యక్షుడికి ఒక ప్రకరణమే ఉంది. వేసవిలో కూడా నడిచి దాటలేని మహానదుల మీద తిప్పే పెద్ద నావలకు శాసకుడు (ఓడ పెద్ద), నియామకుడు (చుక్కాని పట్టేవాడు), కొడవలీ తాడూ పట్టేవాడు, నీళ్ళు తోడేవాడు ఉండాలని అందులో చెప్పాడు. నీళ్ళు తోడేవాణ్ణి రాజ్యశాస్త్రంలో పేరు పెట్టి లెక్కించిన ఆ పెద్దమనిషి మీద నాకు అపారమైన గౌరవం కలిగింది. శాతవాహనుల ఓడ నాణేలమీద రెండు తెరచాప కొయ్యల ఓడ కనిపిస్తుంది. అంటే ఇది తెడ్ల తీరం కంటే ముందుగా తెరచాపల తీరం. తెరచాప ఓడకు తక్కువ మంది చాలు, నీళ్ళూ సరుకూ పెట్టుకోవడానికి చోటూ ఉంటుంది; కాని గాలి ఎటు వీస్తే అటే దాని దారి.

ఇక్కడ గాలి అంటే నెల. ప్రాచీన భూగోళ పండితుడు టాలెమీ పలౌర అన్న పేరుతో చెప్పిన ఊరు చిలికా సరస్సుకు దక్షిణాన ఉన్న పాలూరేనని చాలామంది పండితుల అభిప్రాయం. తీరం వదిలి స్వర్ణభూమికి (ఆగ్నేయాసియాకు) ఓడలు బయలుదేరే చోటు దాని దగ్గరేనని ఆయన గుర్తించాడు. కార్తీక పౌర్ణమి తెల్లవారుజామున ఒడియావాళ్ళు బొయిత బందాణ అంటూ అరటిదొప్పల పడవల్లో దీపం, తాంబూలం పెట్టి వదులుతారు. మన ఇళ్ళలో కార్తీక దీపాలు నీళ్ళలో వదిలేదీ ఆ వేళే. ఈశాన్యపు గాలి కుదురుకునే కాలమది. దానికి నెల ముందు ఇదే సముద్రం ఏం చేయగలదో మాకు తెలుసు: 2013 అక్టోబరు 12న ఫైలిన్ తీరం దాటింది మా గోపాలపూర్ దగ్గరే, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చిపడింది పక్కనున్న పలాస వైపే. కళింగం మీద ఆడే ఆటలో ఆశ్వయుజంలో ఓడలు దింపినవాడికీ, కార్తీకం దాకా ఓపికపట్టినవాడికీ ఒకే ఫలితం వస్తే ఆ పటం మీద కళింగం అన్న పేరు చెరిపేయడం మేలు.

ఓడమనుషులు ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్న మిగిలింది. ఇప్పటి ఆటల్లో బంగారం చెల్లిస్తే రేవులో నుంచి ఓడ మనుషులతో సహా బయటికి వస్తుంది. నిజానికి పలకలు కోసి కుట్టడానికి కొన్ని నెలలు చాలు, తండేలు తయారవడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. మనుషులు తీరపు పల్లెల్లో ఉంటారు; వాళ్ళను యుద్ధానికి లాక్కుపోతే ఆ ఏడు వేట ఉండదు, ఉప్పుచేప ఉండదు, పల్లె కట్టే పన్ను ఉండదు. కాబట్టి మునిగిన ఓడను రాజు మళ్ళీ కట్టించవచ్చు కానీ, మునిగిన మనుషులను అదే పల్లె నుంచి రెండోసారి తేలేడు. వాళ్ళందరూ చచ్చిపోతారని కూడా అనుకోనక్కరలేదు. సలామిస్‌లో ఓడలు పోయిన గ్రీకులు ఈదుకుంటూ ఒడ్డు చేరారని, ఈత రాని పారశీకులు మునిగిపోయారని హెరోడోటస్ అంటాడు. ఆర్గినుసేలో గెలిచిన ఏథెన్స్ సేనానులు మునుగుతున్న ఓడల మీది మనుషులను తుఫాను వల్ల ఎక్కించుకోలేకపోతే, ఏథెన్స్ నగరం ఆ సేనానుల్లో ఆరుగురికి మరణశిక్ష అమలు చేసింది. గెలిచాక శత్రువును తరమడమా, నీళ్ళలోని మనవాళ్ళను తీయడమా అన్నది ఆటగాడు ఎంచుకోవలసిన నిర్ణయంగా పెడితే, ఆ ఒక్క వంతులో ఉన్నంత ఉత్కంఠ పొడుచుకోవడంలో ఉండదని నా నమ్మకం.

ఇవన్నీ మా మనవడికి విడతలు విడతలుగా చెప్పాను. అతను అన్నీ ఒప్పుకోలేదు. ఇన్ని లెక్కలు పెడితే ఆడేవాడికి విసుగొస్తుందన్నాడు, ఆ మాటలో నిజముంది. ఆడేవాడు రెండే అంకెలు చూస్తే చాలు, మిగతా లెక్క యంత్రం చూసుకుంటుందని రాజీపడ్డాం. ఒకటి కొయ్యది, రెండోది చేతులది. చేతుల అంకె ఒడ్డుకు దూరంగా గడిపిన ప్రతి వంతుకూ తగ్గాలి, మంచినీళ్ళున్న గడిలో ఆగితే పెరగాలి. వంతును వారం నుంచి మూడు రోజులకు కుదించాడు. తండేలుకు విడిగా ఒక గుర్తు పెట్టి, అతను పోతే ఆ ఓడ మొగలు దాటలేదని రాశాడు. నీళ్ళు తోడేవాడి దగ్గర మాత్రం వారం రోజులు పేచీ నడిచింది. బొమ్మలు గీసే అతని స్నేహితుడు అంత చిన్న మనిషి తెర మీద కనిపించడన్నాడు. నేను కౌటిల్యుణ్ణి అడ్డం పెట్టుకున్నాను.

కొత్త నియమాలతో మొదటి ఆట నాతోనే ఆడాడు. నాకు జౌగడ, పదాతులు ఇచ్చి, తను పది ఓడలు తీసుకున్నాడు. అలవాటు కొద్దీ ఈటెల భటులను కిక్కిరిసేలా ఎక్కించి తెడ్లవాళ్ళను తగ్గించాడు, మళ్ళీ ఋషికుల్య మొగకు ఎదురుగానే నిలబెట్టాడు. నేను ఓడల జోలికి పోలేదు. తీరం వెంట మంచినీళ్ళున్న మూడు గడుల్లో నా పదాతులను కూర్చోబెట్టి ఊరుకున్నాను. ఐదో వంతుకు అతని చేతుల అంకె సగానికి పడిపోయింది. ఆరో వంతులో నీళ్ళ కోసం నాలుగు ఓడలను ఒడ్డుకు తెచ్చాడు, వాటిలో మూడింటిని మళ్ళీ నీళ్ళలోకి దింపడానికి మనుషులు మిగల్లేదు. తెర వైపు కాసేపు చూసి, "నువ్వు గెలవడానికే ఈ నియమాలన్నీ పెట్టించావు కదూ తాతయ్యా" అన్నాడు. రెండో ఆటలో నన్ను ఓడించాడు లెండి. ఈసారి మూడు ఓడలే తెచ్చి, ముందుగా బావి ఉన్న గడిని పట్టుకున్నాడు.

వ్యాసకర్తపై నాకు ఎటువంటి కినుకా లేదు. రాబోయే ఆదివారం అనుబంధంలో ఆ గొలుసుల వాక్యానికి ఒక చిన్న సవరణ వేయగలరని మాత్రం కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
గోపాలపూర్, గంజాం జిల్లా, ఒడిశా.